సీసాలో దొరకని ఆరోగ్యం

గత రంజాను నెలలో ఒక శుక్రవారం ప్రొద్దుటూరులో జుమా నమాజు ముగించుకొని మెట్లు దిగుతుండగా మసీదు గేటు ఎదుట ఒక మడతబల్లను చూశాము. దాని మీద వరుసగా పేర్చిన సీసాలు. వెనుక చిన్న మైకు పట్టుకొని ఒక వ్యక్తి. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు, మూత్రపిండాలలో రాళ్లు, సంతానలేమి, బొల్లి, పక్షవాతం, ఇన్నింటికీ ఒకే సీసా. మూడు సీసాలు కొన్నవారికి ఒక సుర్మా డబ్బీ ఉచితం. “ఇది ఇంగ్లీషు మందు కాదు భాయ్, ప్రకృతి మందు. దీనికి సైడ్ ఎఫెక్టు అన్న మాటే లేదు” అని అతడు చెబుతున్నాడు. కొంటున్నవారు బేల్దారి కూలీలు, ఆటో నడిపేవారు, దర్జీలు, వయసు మళ్లిన పెద్దలు. సీసా మీద లైసెన్సు సంఖ్య ఉన్నదో లేదో తిప్పి చూసినవారు ఒక్కరూ కనిపించలేదు.

రెండు నెలల తరువాత మా వీధిలోని ఒక బేల్దారి మేస్త్రీ కాలికి పుండు పడి ఆసుపత్రిలో చేరాడని తెలిసి చూడబోయాము. మధుమేహానికి పదేళ్లుగా వాడుతున్న మాత్రలను అతడు ఆ సీసాను నమ్ముకొని మానివేశాడు. మొదట బొటనవేలు తీశారు. తరువాత పాదం తీశారు. అతని భార్య మాతో అన్న మాట ఇంతే: “ప్రకృతి మందు అన్నాడు భాయ్‌సాబ్. గోలీలు నిలిపితేనే ఇది పని చేస్తుందన్నాడు. నిలిపేసినాడు.” గోడలు కట్టి నలుగురిని పోషించిన మనిషి ఇప్పుడు మంచం మీద ఉన్నాడు. అతని కొడుకు ఇంటర్ రెండవ సంవత్సరం వదిలి పనికి పోతున్నాడు.

ఈ వ్యాసం ప్రకృతి వైద్యానికి వ్యతిరేకంగా రాస్తున్నది కాదు. మా దాదీ అల్లం, తులసి, వాము, సోంపు, ఇసబ్‌గోలుతో ఇల్లంతటినీ చూసుకున్న కాలాన్ని మేము మరువలేదు. ప్రకృతి పేరు చెప్పి మన మొహల్లాలలో జరుగుతున్న రెండు మోసాలకు వ్యతిరేకంగా రాస్తున్నాము. మొదటిది మసీదు గేటు ఎదుట, బల్ల వెనుక జరుగుతున్నది. రెండవది అంత బాహాటంగా కనిపించదు. శుభ్రమైన గాలి, నీరు, నిద్ర దక్కని వాడలలోకి వచ్చి, గోడల మీద “రోజూ నడవండి, పౌష్టికాహారం తినండి, ప్రశాంతంగా ఉండండి” అని రాయించి వెళ్లిపోవడమే ఆ రెండవ మోసం. మొదటి మోసం చేసేవాడు మన అజ్ఞానాన్ని అమ్ముకుంటాడు. రెండవ మోసం చేసేవారు తమ బాధ్యతను మన మెడకు చుడతారు.

హకీములు అసలు చెప్పినదేమిటి?

యునానీ వైద్యానికి పునాది వంటి ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’ను ఇబ్నె సీనా (980–1037) ఐదు భాగాలుగా రచించారు. మనిషి ఆరోగ్యాన్ని నిలిపేవీ, చెరిపేవీ అయిన కారణాలను మొదటి భాగంలోనే చర్చించారు. మన హకీములు వాటిని ‘అస్బాబె సిత్తా జరూరియా’ అన్నారు. అంటే ఎవరూ తప్పించుకోలేని ఆరు అవసరాలు. మొదటిది మన చుట్టూ ఉన్న గాలి. రెండవది ఆహారం, నీరు. మూడవది శరీరానికి పని, విశ్రాంతి. నాలుగవది మనసుకు ఉద్వేగం, ఊరట. ఐదవది నిద్ర, మెలకువ. ఆరవది ఒంటిలో నిలవవలసినది నిలవడం, వెలుపలికి పోవలసినది పోవడం. ఈ ఆరింటిలో ఎక్కడా సీసా లేదు.

చికిత్స విషయంలోనూ వారు ఒక వరుస పెట్టారు. మొదట ఆహారంతో చికిత్స, ఇలాజ్ బిల్ గిజా. తరువాత దినచర్య, మర్దన, స్నానం, వ్యాయామం వంటి వాటితో చికిత్స, ఇలాజ్ బిత్ తద్బీర్. ఆ తరువాతనే మందు. చివరకు శస్త్రచికిత్స. అసలు హకీము నాడి పట్టుకొని, ఏమి తింటున్నావు, ఎప్పుడు పడుకుంటున్నావు, ఏమి పని చేస్తున్నావు అని అడిగేవాడు. బల్ల వెనుక మనిషి ఒక్క ప్రశ్న కూడా అడగడు. మూడవ మెట్టును తెచ్చి మొదటి మెట్టు చేసి, మిగిలిన మెట్లను పడగొట్టినవాడిని హకీము అనడం హకీములకే అవమానం.

మన హకీములు పరీక్షకు భయపడినవారు కూడా కారు. హకీమ్ అజ్మల్ ఖాన్ (1868–1927) ఢిల్లీలో స్థాపించిన తిబ్బియా కళాశాలలో యునానీ, ఆయుర్వేదం ఒకే కప్పు కింద బోధించేవారు. దానిని 1921 ఫిబ్రవరిలో గాంధీజీ ప్రారంభించారు. అజ్మల్ ఖాన్ ప్రోత్సహించిన రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో సర్పగంధ వేరు నుండి కొన్ని మూలపదార్థాలను విడదీసి, ఒకదానికి తన గురుతుల్యుని పేరు మీద ‘అజ్మలిన్’ అని పేరు పెట్టారు. అది గుండె లయకు సంబంధించిన వైద్యంలోకి వెళ్లింది. తాతల మూలికను ప్రయోగశాలలో నిలబెట్టి ‘చూడండి’ అనగలిగిన ధైర్యం వారిది. మన గేటు ముందు వ్యాపారి తన సీసాను పరీక్షకు ఇస్తాడా? ఇవ్వడు. అటువంటి పొడులలో కొన్నింట స్టెరాయిడ్లు కలుపుతారన్నది ఔషధ తనిఖీలలో పదే పదే బయటపడిన విషయమే. రెండు రోజులలో నొప్పి తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ముఖం ఉబ్బుతుంది, జనం ‘గుణం కనిపించింది’ అంటారు. లోపల ఎముక గుల్లబారడం, చక్కెర పెరగడం మాత్రం కనిపించవు.

మూడు ఊళ్లు, ఆరు అవసరాలు

ఇప్పుడు ఆ ఆరు అవసరాలను పట్టుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలోని మన వాడలలో నడిచి చూద్దాము.

గాలి. దూదేకుల సోదరులు తరతరాలుగా దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టి బతికారు. ఇరుకు గదులలో యంత్రం మీద పాత దూది ఏకేవారు నేటికీ ఉన్నారు. పత్తి ధూళి ఏళ్ల తరబడి పీల్చితే ఛాతీ పట్టివేసి ఆయాసం వస్తుంది. వైద్యులు దీనిని బిసినోసిస్ అంటారు. చట్టం దీనిని వృత్తి వ్యాధిగా గుర్తించింది. అయితే సొంత ఇంటి ముందు గదిలో ఏకే మనిషికి యజమాని ఎవరు? పరిహారం ఎవరిస్తారు? జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ పనికి పోయే మన యువకుల ముక్కులకు ఒక గుడ్డ తప్ప రక్షణ లేదు. ప్రొద్దుటూరు బంగారు పనివారు కిటికీ లేని గదులలో ఆమ్లపు ఆవిరి పీలుస్తున్నారు. వీరందరికీ సాయంత్రం దగ్గు మందు సీసా అమ్ముతారు. గదికి ఒక కిటికీ, గాలిని బయటకు లాగే ఒక ఫ్యాను గురించి మాట్లాడేవారు లేరు.

నీరు. ఇక్కడ కొంతసేపు ఆగవలసి ఉన్నది. మన జిల్లాలో, ముఖ్యంగా పులివెందుల వైపు కొన్ని గ్రామాలలో, బోరునీటిలో ఫ్లోరైడు ఉన్నది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము మించరాదనీ, వేరే దారి లేనప్పుడు కూడా ఒకటిన్నర దాటరాదనీ భారతీయ ప్రమాణం చెబుతున్నది. దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు మచ్చలు పడతాయి, పెద్దల కీళ్లు బిగుసుకుంటాయి, నడుము వంగదు. అటువంటి వ్యక్తి మోకాళ్ల నొప్పి అని ఎవరి దగ్గరకు పోతాడు? సీసా దగ్గరకే. నొప్పికి కారణం బోరులో ఉంటే, మందు బల్ల మీద ఉన్నది. స్టెరాయిడు కలిపిన పొడి ఇప్పటికే దెబ్బతిన్న ఎముకను మరింత గుల్ల చేస్తుంది. నీటిని మరగబెడితే ఫ్లోరైడు పోతుందని మన ఇళ్లలో చాలామంది నమ్మకం. పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన దానిలో అది చిక్కబడుతుంది.

పులివెందుల పక్కనే తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం ఉన్నది. దాని వ్యర్థాల చెరువు చుట్టుపక్కల కె.కె. కొట్టాల వంటి ఊళ్ల రైతులు తమ బోరునీరు చెడిపోయిందనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయనీ ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. తమ వల్ల కాదని సంస్థ అంటున్నది. ఈ వివాదాన్ని తేల్చే తాహతు ఒక విశ్రాంత గుమాస్తాకు లేదు. అయితే ఏ సంస్థకూ సంబంధం లేని నిపుణులు ఆ నీటిని క్రమం తప్పక పరీక్షించి, ఫలితాలను తెలుగులో ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలని అడగడానికి నిపుణత అవసరం లేదు, పౌరసత్వం చాలు. నీటికి మతం లేదు. ఆ బోరు నీరు తాగేది హిందువు, దళితుడు, ముస్లిము అందరూ. మన డిమాండును వారి డిమాండుతో కలిపి అడిగిననాడే దానికి బలం వస్తుంది.

ఆహారం. మన ముందు తరం తిన్నది జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నం, ఉలవచారు, ఆకుకూర పప్పు. మాంసం పండుగకు, పెళ్లికి. పొట్టలో ఒక భాగం ఆహారానికి, ఒక భాగం నీటికి, ఒక భాగం ఊపిరికి వదలమన్న ప్రవచనం మనకు చిన్ననాటి నుండి తెలుసు. ఈనాడు రంజాను సాయంత్రాలు మన వీధులలో అదే నూనెలో పదిసార్లు వేగిన సమోసాలతో నిండిపోతున్నవి. ఇది మన తప్పు, ఒప్పుకుందాము. కానీ చౌకధరల దుకాణంలో ఏళ్ల తరబడి తెల్లబియ్యం మాత్రమే ఇచ్చి, చిరుధాన్యాలను పట్నంలో ధనికుల అంగళ్లకు చేర్చినది ఎవరి విధానం? కూలి చేసుకునే తల్లి బియ్యం చౌకగా వచ్చినప్పుడు కొర్రలకు కిలో వంద రూపాయలు పెట్టగలదా?

పని, విశ్రాంతి. మన మగవారికి పని ఎక్కువ, విశ్రాంతి లేదు. మన స్త్రీలకు ఇంటి చాకిరీ ఉన్నది, కానీ కాళ్లు సాగదీసి నడిచే చోటు లేదు. వైద్యుడు “రోజుకు అరగంట నడవండి అమ్మా” అంటే ఎక్కడ నడవాలి? మురుగుకాలువ పక్కన ఎనిమిది అడుగుల గల్లీలో, మోటారు సైకిళ్ల మధ్యనా? ఇదే ఊళ్లో ఏడాదికి రెండు రోజులు తప్ప తాళం వేసి ఉంచే ఈద్గా మైదానాలు ఉన్నవి. వాటి సంగతి తరువాత చెబుతాము.

మనసు. దినవడ్డీకి తెచ్చిన అప్పు, పేరు విని ఇల్లు అద్దెకు లేదన్న యజమాని, టెలివిజనులో రోజూ మనల్నే దోషులుగా నిలబెట్టే చర్చలు. ఇవన్నీ రక్తపోటులో కనిపిస్తాయి. ‘టెన్షను తగ్గించుకోండి’ అని చెప్పడం సులువు. మనిషిని కుంగదీసేదానిని తొలగించకుండా మనిషిని మాత్రం సర్దుకొమ్మనడం వైద్యం కాదు. తిబ్ మనసును శరీరం నుండి వేరు చేయలేదు. మనం న్యాయాన్ని ఆరోగ్యం నుండి వేరు చేయరాదు.

నిద్ర. 2012లో రామ్‌లీలా మైదానం కేసులో సుప్రీంకోర్టు నిద్రను జీవించే హక్కులో భాగంగా చూసింది. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు లౌడ్ స్పీకర్లపై నిషేధాన్ని 2005లోనే సమర్థించింది. ఈ విషయంలో మనం మొదట మన ముఖం చూసుకోవాలి. రాత్రి రెండింటి వరకు పెళ్లి డీజే మోగించేది మన ఇళ్లవారే. తెల్లవారి ఫజ్ర్‌కు లేవలేకపోయేది ఆ వీధిలోని ముసలివారే. పక్కింట్లో గుండెజబ్బు మనిషి ఉన్నాడని తెలిసీ మైకు తగ్గించనివారు పొరుగువాడి హక్కు గురించి ఖుత్బా విని ఏమి నేర్చుకున్నట్టు?

ఆరవది విసర్జన. దీని గురించి పత్రికలలో రాయడానికి సిగ్గుపడతారు. మా మనుమరాలు ఒకనాడు తన దాదీతో “నేను బడిలో నీళ్లు తాగను” అన్నది. ఎందుకని అడిగితే మరుగుదొడ్డికి గొళ్లెం లేదు, నీళ్లు రావు అన్నది. ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం నాలుగు వరకు పిల్ల గుక్కెడు నీరు తాగదు. ఇటువంటి ఆడపిల్లలు వందలమంది. మూత్రంలో మంట, జ్వరం వస్తే తల్లి బార్లీ నీరు ఇస్తుంది. మంచిదే. కానీ ఆ బిడ్డకు కావలసిన ప్రకృతి వైద్యం ఒక గొళ్లెం, ఒక కుళాయి. వాటి ఖర్చు ఒక సీసా మందు కంటే మరీ ఎక్కువేమీ కాదు.

ప్రభుత్వాన్ని అడగవలసినది

మన జిల్లా 1800లో నిజాము చేతి నుండి ఈస్టిండియా కంపెనీకి దత్తమైనది. అందుచేత హైదరాబాదులో యునానీకి దక్కిన రాజాదరణ ఇక్కడి హకీములకు దక్కలేదు. మద్రాసు ప్రభుత్వం 1921లో ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన దేశీయ వైద్య విధానాలపై ఒక కమిటీని వేసింది. అది 1923లో నివేదిక ఇచ్చింది. తరువాత మద్రాసులో ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మూడింటినీ బోధించే పాఠశాల వచ్చింది. అంటే నూరేళ్ల కిందటే ఈ వైద్యానికి చదువు, పరీక్ష, పట్టా ఉండాలని మన పెద్దలు వాదించి సాధించారు. నేడు కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట యునానీ వైద్య కళాశాల ఉన్నది. అక్కడ చదివి పట్టా పుచ్చుకున్న యువతీ యువకులు ఉన్నారు. వారికి ఉద్యోగాలు, మన వాడలకు డిస్పెన్సరీలు కావాలి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చార్మినారు వద్ద నిజామియా తిబ్బీ కళాశాల, ఎర్రగడ్డ పరిశోధన సంస్థ తెలంగాణలో మిగిలినవి. ఆ లోటును పూడ్చే ప్రయత్నం ఏదని అడిగే హక్కు మనకు ఉన్నది.

అదే 2014 నవంబరులో కేంద్రంలో ఆయుష్‌కు ప్రత్యేక మంత్రిత్వ శాఖ వచ్చింది. ఆ పేరులోని ఐదు అక్షరాలలో ఒకటి యునానీది. యోగా దినానికి పట్టణం నడిబొడ్డున పందిళ్లు వేస్తున్నారు, సంతోషమే. అజ్మల్ ఖాన్ జన్మదినమైన ఫిబ్రవరి 11 యునానీ దినమని మన పట్టణాలలో ఎంతమందికి తెలుసు? పట్టా ఉన్న హకీము వాడలో లేనప్పుడు ఖాళీ అయిన ఆ కుర్చీలో బల్లవాడు వచ్చి కూర్చుంటాడు. నకిలీ వైద్యుని పుట్టించినది మన మూఢత్వం ఒక్కటే కాదు, ప్రభుత్వపు నిర్లక్ష్యం కూడా.

చట్టం లేక కాదు. ‘మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం’ 1954 నుండి ఉన్నది. మధుమేహం, క్యాన్సరు, పక్షవాతం, బొల్లి వంటి 54 జబ్బులను నయం చేస్తామని ప్రకటించడమే నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు. యునానీ మందుల తయారీకి 1940 నాటి ఔషధ చట్టం కిందనే లైసెన్సు కావాలి. ఒక పెద్ద ఆయుర్వేద కంపెనీ ప్రకటనలపై 2024లో సుప్రీంకోర్టు కఠినంగా ప్రశ్నించినప్పుడు దేశమంతా చదివింది. కోట్ల వ్యాపారానికి వర్తించిన చట్టం మసీదు గేటు ముందు బల్లకు వర్తించదా? వర్తింపజేయమని అడగనిది మనమే.

‘మనవాళ్ల తప్పులు మనమే రాస్తే ఎలా?’

ఈ మాట అనేవారు ఉంటారని మాకు తెలుసు. “ఇప్పటికే మన మీద లక్ష నిందలు. మీరు కూడా మసీదు ముందు మోసం అని రాస్తే ఎవరికి లాభం?” అని ఒక మిత్రుడు ఈ వ్యాసం సంగతి విని అన్నారు. మా సమాధానం ఇది. పాదం పోయినది మన మనిషిది. ధర్మం పేరు వాడుకొని అమ్మినవాడు మన నమ్మకాన్ని దొంగిలించాడు. దానిని కప్పిపుచ్చితే గౌరవం మిగలదు, ఇంకొక పాదం పోతుంది. పైగా తన ఇంటి చెత్త ఊడ్చుకున్నవాడే పురపాలక కార్యాలయానికి పోయి ‘మా వీధి కాలువ ఎందుకు తీయలేదు’ అని గొంతెత్తి అడగగలడు.

చికిత్స చేయించుకోవడం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదనీ, ఒంటెను కట్టివేసి ఆ తరువాతనే నమ్మకం ఉంచాలనీ ప్రవక్త (సఅసం) బోధించిన సంగతి ప్రతి పిల్లవాడికీ తెలుసు. మాత్ర మానివేయించేవాడు ఒంటె కట్టు విప్పుతున్నాడు.

జమ్మలమడుగులో క్రైస్తవ మిషనరీల కాలం నాటి క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉన్నది. ఒక డాక్టరు దూరదేశం నుండి వచ్చి ఆ చిన్న పట్టణంలో నిలబడి ఆసుపత్రి నిర్మిస్తే తరాల తరబడి అన్ని మతాలవారూ అక్కడ ప్రాణం నిలుపుకున్నారు. మనకు షాదీఖానాలు ఉన్నవి, వక్ఫ్ ఆస్తులు ఉన్నవి, చందాలు వసూలు చేసే చేతులు ఉన్నవి. వారానికి రెండు పూటలు రక్తపోటు, చక్కెర చూసే గది ఒకటి ఎన్ని మసీదు కమిటీలు నడుపుతున్నవి?

ఇక చేయవలసినది

ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గడిపినవారము కనుక ఆవేశంతో ముగించడం మాకు చేతకాదు. దరఖాస్తు రాయడం చేతనవును. ఆ పద్ధతిలోనే చెబుతాము.

మొదటి పని ఇంటిలో. మధుమేహం, రక్తపోటు, మూర్ఛ, ఆయాసం, క్షయ, గుండెజబ్బులకు వాడుతున్న మాత్రలను వైద్యుడు చెప్పకుండా ఎవరి మాట మీదా మానరాదు. కలోంజీని వంటలో వాడండి, తేనెను అల్లంతో తీసుకోండి, పెద్దల దగ్గుకు అది ఉపశమనమే. కానీ ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించరాదు, అది ప్రాణాంతకమైన బాట్యులిజానికి దారి తీయవచ్చు. ఊరూ పేరూ లేని సుర్మాలో సీసపు ధూళి ఉండవచ్చు, పిల్లల కళ్లకు పెట్టకండి. సీసం వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. హిజామా చేయించుకునేవారు తమ ఎదుటనే విప్పిన కొత్త బ్లేడును, శుభ్రమైన కప్పులను అడిగి తీరాలి. ఒకరి బ్లేడు మరొకరికి వాడితే రక్తంతో పాటు హెపటైటిస్ కూడా మారుతుంది. మందు సీసా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, గడువు తేదీ లేకుంటే అది మందు కాదు.

రెండవ పని మసీదు కమిటీలది. గేటు ముందు మందుల బల్ల పెట్టనివ్వకండి. ఈద్గా మైదానాన్ని తెల్లవారుజామున స్త్రీల నడకకు తెరవండి. ఒక కాపలాదారు, రెండు దీపాలు చాలు. జుమా ప్రసంగంలో ఏడాదికి నాలుగుసార్లయినా నీరు, నిద్ర, శుభ్రత గురించి చెప్పించండి. పెళ్లి మైకు పదికి ఆపించండి.

మూడవ పని కార్యాలయాలలో. సమాచార హక్కు చట్టం 2005 నుండి మన చేతిలో ఉన్నది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండలస్థాయికి అయిదు రూపాయలు, ఆపై కార్యాలయాలకు పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అవసరం లేదు. ముప్పై రోజులలో జవాబు రావాలి. రాకుంటే మొదటి అప్పీలు. అడగవలసిన ప్రశ్నలు ఇవి:

మా వార్డులో తాగునీటిని గత రెండేళ్లలో ఏ తేదీలలో పరీక్షించారు? ఫ్లోరైడు, నైట్రేటు, సూక్ష్మజీవుల ఫలితాల నకలు ఇవ్వండి.

మా వీధి మురుగుకాలువ పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు? ఎంత ఖర్చు రాశారు?

జిల్లాలో మంజూరైన యునానీ డిస్పెన్సరీలు ఎన్ని? వైద్యాధికారి ఉన్నవి ఎన్ని? మందుల సరఫరా ఏ నెలల్లో జరిగింది?

మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లు ఎన్ని? నీరు వచ్చేవి ఎన్ని? గొళ్లెం ఉన్నవి ఎన్ని?

గత మూడేళ్లలో మాయ చికిత్సల ప్రకటనలపై పెట్టిన కేసులు ఎన్ని?

జవాబు చేతికి వచ్చిన తరువాత దానిని పట్టుకొని సోమవారం కలెక్టరేటుకు వెళ్లండి. ఒంటరిగా కాదు, వీధి నుండి పదిమంది, వారిలో సగం స్త్రీలు. రసీదు తీసుకోకుండా తిరిగి రాకండి. గుమాస్తాగా మాకు తెలిసిన రహస్యం ఒకటి చెబుతాము. నోటిమాటగా వచ్చిన వినతి సాయంత్రానికి గాలిలో కలుస్తుంది. రసీదు సంఖ్య ఉన్న వినతి ఎవరో ఒకరి బల్ల మీద మూలుగుతూనే ఉంటుంది, దానికి ఏదో ఒక జవాబు రాసే వరకు ఆ గుమాస్తాకు నిద్ర పట్టదు.

ఇది దానం అడగడం కాదు. ప్రజల పోషణ, ఆరోగ్య ప్రమాణాలను పెంచడం రాజ్యపు ప్రాథమిక విధులలో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్నది. కలుషితం కాని నీరు, గాలి 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 1991లోనే సుప్రీంకోర్టు సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాలలో మౌలిక సదుపాయాల లోటును 2006లో సచార్ కమిటీ నమోదు చేసింది. ఇబ్నె సీనా వెయ్యేళ్ల కిందట ఆరు అవసరాలు అన్నారు. మన రాజ్యాంగం వాటిని హక్కుల భాషలో చెబుతున్నది. పేరు మారింది, విషయం అదే.

మొన్న ఆ మేస్త్రీని మళ్లీ చూడబోయాము. మంచం పక్కన కిటికీలో ఆ సీసా ఇంకా ఉన్నది, సగం నిండుగా. “పారేయండి” అన్నాము. “పారేయను భాయ్‌సాబ్, వీధిలో పిల్లలకు చూపించాల” అన్నాడు. ఆ సీసాను చూపిస్తూనే వచ్చే సోమవారం కలెక్టరేటు దారి కూడా ఆ పిల్లలకు చూపించవలసి ఉన్నది. అది అతడొక్కడి పని కాదు, మనందరిదీ.